కణానికీ టెన్షన్ కావాలి

"కణానికి లెక్కలు రావు కదండీ, మరి రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోముల్ని అటు 46, ఇటు 46 అని సరిగ్గా ఎలా పంచుతుంది?" అని ఒక విద్యార్థిని అడిగింది. విభజన దశల పేర్లు బట్టీ పట్టించే మనం ఈ ప్రశ్న దాకా రానే రాం.

కణం నిజంగానే లెక్కపెట్టదు. తాడు బిగిసిందా లేదా అన్నదే చూస్తుంది.

విభజనకు ముందే ప్రతి క్రోమోజోముకీ నకలు తయారవుతుంది. అసలూ నకలూ విడిపోకుండా కొహీసిన్ అనే ప్రోటీన్ ఉంగరాలు పట్టి ఉంచుతాయి. కణం రెండు ధ్రువాల నుంచీ మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలు పెరుగుతూ, తరుగుతూ, చీకట్లో తడుముకుంటున్నట్టు వెతుకుతాయి. జంటలో ఒక్కోదానికీ కైనెటోకోర్ అనే కొక్కెం ఉంటుంది. ఒకదాన్ని ఇటు, రెండోదాన్ని అటు లాగితే జంట బిగుసుకుంటుంది. రెండూ ఒకే వైపు తగులుకుంటే? ఎదురు లాగేవాళ్ళు లేరు, తాడు వదులే.

జంట మధ్యలో అరోరా బి అనే ఎంజైమ్ కాపలా ఉంటుంది. చేతికందిన కొక్కేలకు ఫాస్ఫేట్ తగిలించి పట్టు సడలిస్తుంది. జంట బిగిస్తే కొక్కేలు దూరం జరుగుతాయి, దాని చెయ్యి అందదు. సరైన పట్టు అలా మిగిలిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం 1969 నాటిది. మిడత వృషణ కణాల్లో ఒకే ధ్రువానికి తప్పుగా తగులుకున్న క్రోమోజోముల జంటను బ్రూస్ నిక్లస్ అనే శాస్త్రవేత్త సన్నని సూదితో ఎదురు లాగి పట్టుకున్నాడు. మామూలుగా ఊడిపోవాల్సిన ఆ తప్పు పట్టు, లాగుతున్నంతసేపూ చెక్కుచెదరలేదు! లాగుతున్నది సూదో, గొట్టమో కణానికి తెలియదు మరి.

మనిషి కణంలో 46 జంటలకు కొక్కేలు 92. ఒక్కటి ఖాళీగా ఉన్నా దాని మీద మ్యాడ్2 ప్రోటీన్ 'ఆగు' అనే సంకేతాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. అన్నీ తగులుకున్నాక సెపరేజ్ అనే కత్తెర ఉంగరాలను తెంపుతుంది. ప్రతి జంట నుంచీ ఒకటి ఇటు, ఒకటి అటు. లెక్క దానంతటదే కుదురుతుంది.

అండకణాల సంగతి వేరు. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే వాటిలో ఉంగరాలు పడతాయి, విభజన మధ్యలో ఆగి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఈలోగా ఉంగరాలు సడలితే జంట ముందే విడిపోవచ్చు, ఇక బిగువన్నదే ఉండదు. బిడ్డకు 21వ క్రోమోజోము మూడు వస్తే డౌన్ సిండ్రోమ్. దానికి గర్భిణి ఏదో తిన్నదనో, ఏదో చూసిందనో నిందించేవాళ్ళు ఇంకా ఉన్నారు. గర్భమని తెలిసేసరికే అండంలో ఆ పంపకం ముగిసిపోయి ఉంటుంది.