కరిగిన ఉక్కులో మలినాలు ఎందుకు గుంపు కడతాయి?

కరిగిన ఉక్కులో మిగిలిన ఆక్సిజన్‌ను తీసేయడానికి అల్యూమినియం వేస్తారు. ఆక్సిజన్ తగ్గుతుంది కానీ దాని బదులు అల్యూమినా (అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం) రేణువులు పుడతాయి. ఆ మలినాలు ఇవే. అల్యూమినా కరగాలంటే వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. కరిగిన ఉక్కును ఉంచే పెద్ద పాత్ర, అంటే లేడిల్‌లో ఉండేది 1,600 దగ్గర, అందుకే అవి గట్టిగానే ఉండిపోతాయి. ఉక్కు కన్నా తేలిక కాబట్టి పైన తేలే కరిగిన ఆక్సైడ్ల పొర, అంటే స్లాగ్‌లోకి చేరాలి. అయితే కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు చాలా మెల్లగా తేలుతుంది, గుంపు కడితే త్వరగా పైకి వస్తుంది. అదే గుంపు ఉక్కు బయటికి పారే గొట్టం, అంటే నాజిల్ గోడకు పట్టుకుంటే ఉక్కు పారే దారి మూసుకుపోతుంది. ఉక్కును ఆపకుండా పోస్తూ గట్టిపరిచే కంటిన్యువస్ కాస్టింగ్ పెరిగేకొద్దీ ఈ తలనొప్పి కూడా పెరిగింది. కాల్షియం కలిపి ఆ రేణువులను ద్రవంగా మార్చడం అలా వచ్చిన విరుగుడే.

అసలు ఎందుకు గుంపు కడతాయన్నది మాత్రం చాలాకాలం ఊహే. 1997లో జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో తొషిహికో ఎమి బృందం దాన్ని కళ్లారా చూసింది. చిన్న కొలిమిలో ఉక్కును కరిగించి, లేజర్ వెలుగుతో ఉపరితలాన్ని స్పష్టంగా చూపే కన్ఫోకల్ మైక్రోస్కోప్‌తో పై నుంచి గమనించారు. ఆర్గాన్ వాయువు, ఉక్కు కలిసే చోట తేలుతున్న అల్యూమినా రేణువులు పదుల మైక్రాన్ల దూరం నుంచే ఒకదానివైపు ఒకటి దూసుకొచ్చి అతుక్కున్నాయి. కాల్షియం కలిపితే ఏర్పడే, ద్రవరూపంలో ఉన్న కాల్షియం అల్యూమినేట్ రేణువుల్లో ఆ ఆరాటం కనిపించలేదు.

గిన్నెడు నీళ్లలో నాలుగు మరమరాలు వేయండి, కాసేపటికి దగ్గరికి చేరతాయి. ఒక్కో గింజ చుట్టూ నీటి ఉపరితలం కొద్దిగా వంగుతుంది, ఆ వంపులే వాటిని కలుపుతాయి. తేలే వస్తువుల మధ్య ఈ ఆకర్షణను నికల్సన్ అనే పరిశోధకుడు 1949లోనే లెక్కకట్టాడు. అల్యూమినాను ఉక్కు తడపదు, అంటే దానిపై పరుచుకోదు, కాబట్టి దాని చుట్టూ కూడా ఉపరితలం వంగుతుంది. జపాన్ బృందం చెప్పిన కారణం ఇదే.

నాకు ముఖ్యమనిపించేది ఇక్కడే ఉంది. మైక్రోస్కోప్ చూపింది పైతలాన్ని మాత్రమే. లేడిల్ లోతుల్లో వంగడానికి ఉపరితలమే లేదు. పైతలంలో చూసినదాన్ని యథాతథంగా లోపలికి వర్తింపజేయకూడదు. స్లాగ్ అంచు కథ కూడా వేరే. రేణువు అక్కడికి చేరినంత మాత్రాన పని అయిపోదు, మధ్యనున్న పల్చటి ఉక్కు పొర తొలగాలి, ఆపైన స్లాగ్‌లో కరగాలి. అందుకే 2000ల మొదట్లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు పారదర్శకమైన స్లాగ్ గుండా ఆ అంచునే నేరుగా చూశారు.

ఇక లోతుల్లో గుంపు కట్టించే బలాన్ని కొలిచింది జపాన్‌కే చెందిన ససాయి. 2014లో వచ్చిన ఆయన ఫలితాల ప్రకారం, ఉక్కు తడపని రెండు రేణువులు దగ్గరికి వచ్చినప్పుడు వాటి మధ్య నుంచి ఉక్కు తప్పుకుని చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీయే వాటిని బిగించి పట్టుకుంటుంది.