పుట్టగొడుగు బరువా, అందులోని మత్తు బరువా?

మత్తెక్కించే పుట్టగొడుగు 'మ్యాజిక్ మష్రూమ్' ప్రకృతిలో మొలిచే శిలీంధ్రమే తప్ప 'మిశ్రమం' కాదని 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ కేసులో తేల్చింది. అక్కడ పట్టుబడినవి 226 గ్రాముల పుట్టగొడుగులు, 50 గ్రాముల క్యాప్సూళ్లు. మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం వాటిలోని మత్తుపదార్థం సిలోసైబిన్ 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. అంటే కనీసం పదేళ్ల జైలు, బెయిలు దొరకడం మహా కష్టం. మొత్తాన్ని తూకం వేస్తే నిందితుడు ఆ గీత ఎప్పుడో దాటేశాడు. లోపలున్న మత్తుపదార్థాన్నే లెక్కేస్తే దాని దరిదాపుల్లో కూడా లేడు.

ఈ తగువుకు మూలం హెరాయిన్ కేసుల్లో ఉంది. 2008లో మైఖేల్ రాజ్ కేసులో నాలుగు కిలోల పైచిలుకు దొరికినా, అసలు హెరాయిన్ సుమారు 60 గ్రాములే కాబట్టి శిక్షకు అదే లెక్కని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి, మిశ్రమమైతే కలిపిన పొడితో సహా మొత్తం బరువే లెక్కంది. 2020లో హీరా సింగ్ తీర్పు ఆ వైఖరినే ఖాయం చేసింది. హెరాయిన్‌లో కల్తీ పొడి కలిపేది అమ్మేవాడు కాబట్టి అందులో న్యాయముంది. పుట్టగొడుగు గుజ్జును ఎవరూ కలపలేదు కదా!

ఎంత మత్తు ఉంటుందన్నది మరో చిక్కు. మెక్సికోలో మజాటెక్ తెగవారు పూజల్లో తినే పుట్టగొడుగుల నుంచి 1958లో సిలోసైబిన్‌ను, దానితోపాటు ఉండే మరో మత్తుపదార్థం సిలోసిన్‌ను వేరుచేసింది స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్. జంతువుల మీద పరీక్షలు ఏమీ తేల్చకపోవడంతో ఎండినవి 32 తనే తిని చూశాడాయన. వాటి బరువు 2.4 గ్రాములే. తర్వాతి పరీక్షల్లో జాతికీ జాతికీ మధ్య తేడాలు బయటపడ్డాయి. విరివిగా పెంచే క్యూబెన్సిస్ జాతిలో ఎండు బరువులో సాధారణంగా ఒక శాతం లోపే ఉంటే, అమెరికా పడమటి తీరపు అజురెసెన్స్‌లో 1.8 శాతం దాకా కనిపించింది. ఒకే జాతిలో కూడా ఏ రెండూ ఒకేలా ఉండవు. కాడను నలిపితే కాసేపట్లో నీలం తిరుగుతుంది. సిలోసిన్ గాలి తగిలి మారిపోతోందన్నమాట. పైగా పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఎండబెడితే మిగిలేది పదో వంతు.

అందుకే ఏదో సగటు శాతం పట్టుకుని గుణించడమూ సరికాదు. 'సిలోసైబిన్ ఉంది' అని ఒక్క ముక్క రాసిచ్చే ల్యాబ్ రిపోర్టు చాలదు. పట్టుబడిన సరుకు పచ్చిదా ఎండుదా, అందులో మత్తు ఎన్ని మిల్లీగ్రాములో కొలిచి కోర్టు ముందు పెట్టాలి. పదేళ్ల జైలు ఆ అంకె మీదే ఆధారపడి ఉంది.