ఆర్టికల్స్‌లో చేరేముందు: ఆడిట్ ఆఫీసు గురించి అపోహలు, వాస్తవాలు

సీఏ ఇంటర్ ఫలితాలొచ్చిన వారం విశాఖ ద్వారకానగర్‌లో మా ఆడిట్ ఆఫీసు మెట్ల మీద రద్దీ. ఆర్టికల్స్‌కి, అంటే ఆడిటర్ దగ్గర చేసే ప్రాక్టికల్ శిక్షణకి, పిల్లలు రెజ్యూమె పట్టుకుని వస్తారు, వెనకే నాన్నలు. మాట్లాడేది ఎక్కువగా నాన్నలే. ఏటా వినే మాటలు కొన్నున్నాయి, వాటి సంగతి ఇది.

అపోహ: ఆడిటర్ పని దొంగని పట్టుకోవడం.

1896లో ఇంగ్లండులో కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసులో జడ్జి ఓ మాటన్నారు: ఆడిటర్ కాపలా కుక్కే గానీ వేటకుక్క కాదని. లెక్కల్లో పెద్ద తప్పు లేదని సహేతుకమైన భరోసా ఇస్తాం, అంతే. పూచీకత్తు ఇవ్వం. అయితే ఈ మాటని మా వాళ్లు సాకుగా వాడటం నాకు నచ్చదు. కాపలా కుక్కైనా అలికిడికి మొరగాలి కదా.

సత్యం కంప్యూటర్స్ సంగతి తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఉంది. నిజానికి బ్యాంకు నిల్వ సరిచూడటం ఆడిట్‌లో చాలా సులువైన పని. బ్యాంకుకి ఉత్తరం మన ఆఫీసు నుంచి వెళ్లాలి, జవాబు మన ఆఫీసుకే రావాలి. మధ్యలో క్లయింట్ చెయ్యి పడకూడదు. కొత్తగా చేరినవాళ్లకి ముందు ఈ పనే ఇస్తాను. "పోస్టాఫీసు పని ఇచ్చారు" అని గొణుక్కుంటారు, నాకు వినబడుతుంది.

అపోహ: మొదటి ఏడాదంతా టిక్కులు పెట్టడమే.

టిక్కులు పెట్టడం నిజమే. "పెట్టడమే" అన్నదే తప్పు.

నేను ఆర్టికల్స్‌లో చేరాక వచ్చిన తొలి మార్చి 31న రొయ్యలు ఎగుమతి చేసే ఓ కంపెనీకి స్టాక్ వెరిఫికేషన్‌కి పంపారు. కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 డిగ్రీలు. బాల్‌పెన్ కాసేపటికే మొరాయించింది. స్టోర్ కీపర్ తన చెవి మీది పెన్సిల్ తీసిచ్చాడు. మంచి మనిషి, చిక్కంతా అక్కడే వచ్చింది. "ఏటి బాబూ, ఈ చలిలో ఎన్నని లెక్కెడతావు? ఎనక వరసలూ ఇలాగే ఉంటాయి, ఆరు వరసలు" అన్నాడు. ఎత్తు ఏడు, వెడల్పు పది, లోతు ఆరు. గుణించి 420 పెట్టెలని రాసుకుని బయటపడ్డాను.

సాయంత్రం మా సీనియర్ అన్నయ్య షీటు చూసి ఒక్కటే అడిగాడు. "లోతు ఆరని నువ్వు చూశావా, ఆయన చెప్పాడా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. రాత్రి ఏ లారీ కదల్లేదని ముందు గేటు రిజిస్టరులో చూసుకున్నాం. హమాలీలతో పెట్టెలు జరిపిస్తే లోపల నాలుగు వరసలే. రెండు వరసలు, అంటే 140 పెట్టెలు, 29వ తేదీనే కంటైనర్‌లో పోర్టుకి వెళ్లిపోయాయి. స్టాకు రిజిస్టరులో తగ్గించడం మర్చిపోయారు. దొంగతనమేమీ లేదు. కానీ అమ్మకం బిల్లు అప్పటికే రాసేశారు. ఒకే రొయ్య అమ్మకాల్లోనూ ఉంది, స్టాకులోనూ ఉంది. ఆ మేరకు లాభం ఉబ్బిపోయింది.

అందుకే రెండు వైపుల నుంచీ చూడమంటాం. షీటులో ఉన్నది గోడౌన్‌లో ఉందా అని చూస్తే లేని సరుకు బయటపడుతుంది. గోడౌన్‌లో ఉన్నది షీటులో ఉందా అని చూస్తే రాయని సరుకు బయటపడుతుంది. టిక్ అంటే "నేను చూశాను" అని సంతకం. చూడనిదానికి పెట్టకండి.

అపోహ: తేడా కనబడగానే క్లయింట్‌ని అడిగెయ్యాలి.

ఇది నేను చేతులారా చేసిన తప్పు. ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మూడు వేర్వేరు నెలల డీజిల్ బిల్లులకి వరస నంబర్లున్నాయి, ఒకేసారి కూర్చుని రాసినట్టు. ఏదో కనిపెట్టేశానన్న ఉత్సాహంలో అందరి ముందూ అకౌంటెంట్ గారిని అడిగాను. ఆయన నవ్వి టీ తెప్పించారు. మర్నాటికి ఫైల్లో ఆ మూడింటి చోట కొత్త బిల్లులున్నాయి. నా దగ్గర ఫొటో లేదు, జిరాక్సు లేదు. ముందు కాపీ తీసుకోవాలి, తర్వాత సీనియర్‌కి చెప్పాలి, ఆ తర్వాతే ప్రశ్న.

అపోహ: లెక్కలు బాగా రావాలి, కామర్స్ వాళ్లకే పని. కూడికలు ఎక్సెల్ చేస్తుంది. కామర్స్ డిగ్రీలో 55 శాతం, మిగతా డిగ్రీల్లో 60 శాతం మార్కులుంటే సీఏ మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండానే సీఏ ఇంటర్‌కి రావచ్చు. మా ఆఫీసులో బీటెక్ చదివిన పిల్ల ఉంది, ఫ్యాక్టరీకి వెళ్తే మా అందరికంటే ముందు అర్థం చేసుకుంటుంది.

అపోహ: ఆర్టికల్స్ అంటే మూడేళ్లు, పైగా జీతం. 2023 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి రెండేళ్లే. అవి ముగిశాక ఆరు నెలలు చదువుకుని ఫైనల్ రాయాలి. స్టైపెండ్ జీతం కాదు. ఊరి జనాభాని బట్టి కనీస మొత్తం నిర్ణయించారు, బస్సుకీ టిఫిన్‌కీ సరిపోతుంది. నాన్నలు ఈ మాట చేరకముందే వినడం మంచిది.

అపోహ: నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో పెద్ద సంస్థకే వెళ్లాలి.

పెద్ద చోట ఒకే కంపెనీలో ఒకే ముక్క నెలల తరబడి చేయాల్సి రావచ్చు. ఇక్కడ ఒకే సీజన్‌లో రొయ్యలు, పరవాడ ఫార్మా, పోర్టు క్లియరింగ్ ఏజెంట్లు, ఆటోనగర్ వర్క్‌షాపులు అన్నీ చూస్తారు. అయితే కొన్ని చిన్న ఆఫీసుల్లో రెండేళ్లూ జీఎస్టీ రిటర్నులు ఎక్కించడంతోనే గడిచిపోతుంది. అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: "సర్, ఏడాదికి ఆడిట్‌లు ఎన్ని? నన్ను ఎన్నింటికి పంపుతారు?" ఈ ప్రశ్నకి విసుక్కునే చోట చేరకపోవడమే నయం.

అపోహ: వర్కింగ్ పేపర్లు ఎవరు చదువుతారు?

వర్కింగ్ పేపర్లంటే ఆడిట్‌లో మనం ఏం చూశామో రాసుకున్న కాగితాలు. ఆడిట్ రిపోర్టు తేదీ నుంచి 60 రోజుల్లోపు ఆ ఫైలు పూర్తిచేయాలి, కనీసం ఏడేళ్లు దాచాలి. మన పనిని తనిఖీ చేసే సాటి సీఏలు (పీర్ రివ్యూవారు) అడిగినా, ఆడిటర్లపై నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అడిగినా అడిగేది ఆ ఫైలే. నా కోల్డ్ స్టోరేజీ షీటుని చించి కొత్తది రాస్తానంటే మా అన్నయ్య ఒప్పుకోలేదు. పెన్సిల్‌తో రాసిన 420ని పెన్నుతో కొట్టేయించి, పక్కన 280 వేయించి, కింద కంటైనర్ నంబరు, తేదీ, నా సంతకం పెట్టించాడు.