తేమ 85 శాతం, అయినా పెదవులు పగులుతాయి

కెనడాలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో కొత్తగా కాపురం పెట్టిన ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. "నవంబరు నెలాఖరులో ఫోనులో చూస్తే తేమ 85 శాతం అని ఉంటోంది. వర్షాకాలంలో మా విశాఖలోనూ అంతే ఉండేది. అక్కడ ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరేవి కావు. ఇక్కడ రాత్రి ఇంట్లో ఆరేస్తే తెల్లవారేసరికి పెళపెళలాడుతున్నాయి. పెదవులు పగులుతున్నాయి. తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఫోను తప్పు చెబుతోందా?"

ఫోను చెప్పేది నిజమే. అది శాతం చెబుతోంది, నీరు ఎంతో చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పరీక్ష మార్కులతో పోల్చి చూద్దాం. మొత్తం ఎన్ని మార్కులకు పరీక్ష పెట్టారో తెలియకుండా 85 శాతం అంటే ఏమీ తెలిసినట్టు కాదు. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు చోటులో ఆవిరిగా నిలవగల నీరు సుమారు 4.8 గ్రాములు. టొరంటో పరిసరాల్లో నవంబరు చివరి రోజున పెట్టే పరీక్షకు మొత్తం మార్కులు అంతే. అందులో 85 శాతం అంటే 4 గ్రాములు. విశాఖలో 30 డిగ్రీల వేడికి పరీక్ష 30 గ్రాములకు. అక్కడ 85 శాతం అంటే దాదాపు 26 గ్రాములు. శాతం ఒక్కటే, నీరు మాత్రం ఆరు రెట్లు.

ఇప్పుడు ఆ చలి గాలి కిటికీ సందుల్లోంచి, తలుపు తీసినప్పుడల్లా ఇంట్లోకి వస్తుంది. హీటర్ దాన్ని 21 డిగ్రీలకు వేడెక్కిస్తుంది. హీటర్ గాలిలో తేమను తాగేస్తుందని చాలామంది అంటారు. అది ఒక్క గ్రాము కూడా తాగదు. ప్రశ్నపత్రాన్ని మాత్రం మార్చేస్తుంది. 21 డిగ్రీలకు పరీక్ష 18 గ్రాములది. విద్యార్థి దగ్గర ఉన్నవి ఆ పాత 4 మార్కులే. ఫలితం 21 శాతం. బయట మైనస్ 10కి పడిపోయిన రోజున ఇదే లెక్క 10 శాతం దగ్గరికి దిగుతుంది. మన ఊపిరి, స్నానాలు, వంట కలిసి దాన్ని కొంత పైకి లాగుతాయి గానీ, ఇల్లు పొడిగానే ఉంటుంది.

ఫోను చూపే ఈ శాతం పేరే సాపేక్ష ఆర్ద్రత. దాని నిర్వచనం మనందరం బడిలో బట్టీపట్టినదే. రెండు మార్కుల ప్రశ్న. దానితో ఒక్క కిటికీని, ఒక్క తడి తువ్వాలును లెక్కకట్టి చూపిన పాఠం మాత్రం అరుదు. పైగా గాలి స్పాంజిలా నీటిని పీల్చుకుంటుందని, వేడి గాలి పెద్ద స్పాంజి అని చెప్పేవారు. గాలికి ఇందులో దాదాపు ప్రమేయమే లేదు. ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1801 నాటికే దీన్ని గ్రహించాడు. నైట్రోజన్, ఆక్సిజన్ ఉన్నా, ఖాళీ చోటే ఉన్నా, నీటి ఆవిరి చేరగల పీడనం దాదాపు ఒక్కటే. దాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత. నీటి ఉపరితలం నుంచి లేచిపోయే అణువులు, తిరిగి వచ్చి పడే అణువులు సమానమయ్యే చోటే ఆ హద్దు. వేడి పెరిగితే పట్టు తెంచుకునే శక్తి గల అణువులు విపరీతంగా పెరుగుతాయి. అందుకే ఆ హద్దు ఒక్కో డిగ్రీకి ఆరేడు శాతం చొప్పున, అంటే సుమారు పది పదకొండు డిగ్రీలకు ఒకసారి రెట్టింపవుతూ పోతుంది. క్లాసియస్-క్లాపెరాన్ సమీకరణం చెప్పేది ఇదే. గ్రాఫు గీస్తే తిన్నని గీత రాదు, పైకి వంగుతూ లేచే వక్రరేఖ వస్తుంది.

ఆ వంపే నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. నోట్లోంచి పొగ రావడానికి కారణం అదే. ఊపిరి సుమారు 34 డిగ్రీల దగ్గర, పూర్తి తేమతో బయటికి వస్తుంది. దానిలో ఆవిరి పీడనం 53 హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం). బయట సున్నా డిగ్రీల గాలిలో 5. రెండూ సగం సగం కలిస్తే 17 డిగ్రీలు, 29 హెక్టోపాస్కల్స్. కానీ 17 డిగ్రీల దగ్గర హద్దు 19 మాత్రమే. హద్దు దాటిన ఆవిరి సన్నని బిందువులై తెల్లగా కనిపిస్తుంది. అదే హద్దు తిన్నని గీత అయి ఉంటే, ఎంత చలిలోనైనా ఊపిరి కంటికి కనిపించేది కాదు. విశాఖ గాలితో ఇదే లెక్క వేయండి. 32 డిగ్రీల మిశ్రమంలో ఆవిరి 44, హద్దు 47. పొగ లేదు.

కొత్త ఇళ్ల గోడల పక్కన ప్లాస్టిక్ గొట్టాల్లోంచి లేచే తెల్లని మేఘం కూడా ఇదే. ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్‌లో 16 గ్రాముల మీథేన్ మండితే 36 గ్రాముల నీరు పుడుతుంది. ఈ రకం ఫర్నేస్‌లు అందులో చాలా భాగాన్ని లోపలే ద్రవంగా మార్చి, ఆ వేడిని కూడా ఇంటికి మళ్లిస్తాయి. మిగిలింది గొట్టంలోంచి బయటికి వచ్చి చలి గాలితో కలుస్తుంది. గడ్డకట్టే ఉదయాల్లో ఒంటారియో సరస్సు పొగలు కక్కేదీ ఇందుకే. నీళ్లలో వేసవి వేడి ఇంకా మిగిలి ఉంటుంది.

ఇక షాక్. తడి గాలి విద్యుత్తును మోసుకుపోతుందనుకుంటారు, అది సరికాదు. తేమ ఎక్కువగా ఉంటే వస్తువుల మీద కంటికి కనిపించని నీటి పొర అంటుకుని ఉంటుంది. విద్యుదావేశం దాని గుండా నెమ్మదిగా జారిపోతుంది. 20 శాతం తేమలో ఆ పొర పలచబడుతుంది. కార్పెట్ మీద నడిచినప్పుడు పోగైన ఆవేశం ఒంటిమీదే నిలిచి, పిడి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల నిప్పురవ్వగా దూకుతుంది. అంత దూరం దూకాలంటే కొన్ని వేల వోల్టులు కావాలి. శక్తి మాత్రం కొద్ది మిల్లీజౌళ్లే కాబట్టి ప్రమాదం లేదు. ముందు చేతిలోని తాళంచెవిని పిడికి తాకించండి. రవ్వ దానికే తగులుతుంది, వేలికి నొప్పి తెలియదు.

పిల్లలకు ముక్కు నుంచి రక్తం కారితే "వేడి చేసింది" అంటారు, సబ్జా నీళ్లు పట్టమంటారు. నీళ్లు మంచివే. కానీ ఇక్కడ ఎండిపోయేది ముక్కు లోపలి పొర. పీల్చిన ప్రతి ఘనపు మీటరు గాలికీ ఊపిరితిత్తులు చేరేలోపు 44 గ్రాముల నీరు అందాలి. విశాఖ గాలి 26 గ్రాములు వెంట తెస్తుంది. ఇక్కడి గాలి తెచ్చేది 4. తక్కినదంతా ముక్కూ గొంతూ పెట్టుకోవాలి. రక్తం తరచుగా కారుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. పెదవుల సంగతీ అంతే. వాటి మీద రక్షణ పొర మరీ పలచన, చర్మానికి ఉన్నట్టు నూనె గ్రంథులు వాటికి ఉండవు. నాలుకతో తడిపితే ఆ తడి ఆరుతూ ఇంకా ఎండగడుతుంది. నెయ్యో కొబ్బరినూనో రాస్తే నీరు బయటికి పోకుండా అడ్డుపడుతుంది.

మరి ఇంట్లో తేమ పెంచుకుంటే? 150 ఘనపు మీటర్ల అపార్ట్‌మెంటును 21 నుంచి 40 శాతానికి తేవడానికి సుమారు అర లీటరు నీరు చాలు. అయితే లోపలి గాలి మూడు గంటలకోసారి మారిపోతుందనుకుంటే, రోజుకు నాలుగు లీటర్లు కావాలి. హద్దు మీరకూడదు కూడా. 21 డిగ్రీల ఇంట్లో 40 శాతం తేమ ఉంటే, 7 డిగ్రీల కన్నా చల్లబడిన ఏ అద్దమైనా చెమర్చుతుంది. పప్పు కుక్కరు కూతలకే వంటింటి కిటికీ తడిసిపోవడం అందుకే. ఆ నీరు చట్రంలో నిలిస్తే బూజు పడుతుంది. చలికాలంలో తేమను 30 శాతం దగ్గర ఉంచమని అక్కడి ఆరోగ్య శాఖ, హెల్త్ కెనడా, చెప్పేది ఈ బూజు భయంతోనే.

బట్టలు ఇంట్లోనే ఆరేసుకోండి అమ్మా. యంత్రం పిండిన తరువాత కూడా ఒక విడత బట్టల్లో లీటరుకు పైగా నీరు మిగిలి ఉంటుంది, అదంతా మీ గదికే చేరుతుంది. కిటికీ అద్దం అడుగు మూలలు చెమర్చడం మొదలైన రోజున మాత్రం దండెం తీసేయండి.