మెట్లున్న దీవి, ఒడ్డుకు రాని పడవ

ఫిన్లాండ్ ఉత్తరాన ఇనారి సరస్సు మీద మంచుగడ్డ జూన్ మొదటికి గానీ పూర్తిగా విడదు. అది విడిచి పడవలు తిరగడం మొదలయ్యాక పాత తగువు కూడా తేలుతుంది: ఉకోన్‌సారి దీవి మీద జనం దిగొచ్చా, కూడదా? ఉత్తర ఐరోపా ఆదివాసులైన సామీలకు పవిత్రమైన ఈ దీవి మీద పర్యాటకుల్ని దించడం ఆపేస్తున్నామని అక్కడ పడవలు నడిపే సంస్థ 2019లో ప్రకటించింది. 2020 నుంచి దీవి దాకా వెళ్లి, చూపించి, వెనక్కి తిరగడమే. దాంతో గొడవ చల్లారిందనుకున్నారు. చల్లారలేదు. ఎందుకో తెలియాలంటే 2019 చుట్టూ వెతికి లాభం లేదు, అక్కడి నుంచి 146 ఏళ్లు వెనక్కి పోవాలి. సామీలెవరు, రెయిన్‌డీర్ల మందలేమిటి, పదిహేడో శతాబ్దంలో చర్చి వాళ్లు డోళ్లెలా తగలబెట్టారు అన్న కథ చాలాసార్లు చెప్పుకున్నదే కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

దీవి సంగతి మాత్రం కాస్త చెప్పాలి. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ సరస్సులో మూడు వేలకు పైగా దీవులున్నాయి. చాలావాటిది ఒకటే పోలిక: నీళ్లకు అంటుకున్నట్టుండే రాళ్లు, వాటి మీద పైన్ చెట్లు. ఇనారి గ్రామం నుంచి పడవలో పది పన్నెండు కిలోమీటర్లు పోయాక ఒక్కసారిగా ఎద్దు మూపురంలా లేచిన రాతిగుట్ట కనిపిస్తుంది. అదే ఉకోన్‌సారి. ఎత్తు దాదాపు 30 మీటర్లు. కొండలున్న చోట అదేం పెద్ద ఎత్తు కాదు గానీ చుట్టూ అంతా చదునైన నీళ్లే కావడంతో కళ్లు దాన్ని వదలవు. ఇనారి సామీ భాషలో దాని పేరు ఆయిహ్. అంటే తాత, పెద్దాయన. ఉరుముల దేవుణ్నీ అదే మాటతో పిలిచేవారు. ఉకోన్‌సారి పేరులో ఉన్న ఫిన్నిష్ మాట ఉక్కోకూ అదే అర్థం. వేటకూ చేపలకూ పోయేవాళ్లు ఇక్కడ కానుకలు పెట్టేవారు. ఆ కానుకల తాలూకు రెయిన్‌డీర్ ఎముకలు, గొర్రె మేక జాతి ఎముకలు తర్వాతి తవ్వకాల్లో బయటపడ్డాయి. అదే సరస్సులో చచ్చిపోయినవాళ్లను పాతిపెట్టిన శ్మశాన దీవులు కూడా ఉన్నాయి. అడవి జంతువులు సమాధుల జోలికి రాకుండా చుట్టూ నీళ్లు కాపలా.

1873 వేసవిలో ఈ దీవికి ఒక ఇంగ్లిష్ కుర్రాడు వచ్చాడు. పేరు ఆర్థర్ ఈవాన్స్. పాతికేళ్లు కూడా నిండలేదు. తర్వాతి కాలంలో క్రీట్ దీవిలో నోసస్ రాజభవనాన్ని తవ్వి లోకమంతా పేరు తెచ్చుకున్నది ఈయనే. అప్పటికి మాత్రం స్నేహితుడితో కలిసి లాప్‌లాండ్ అనే ఈ ఉత్తరాది ప్రాంతం చూడ్డానికి వచ్చిన యాత్రికుడు. ఉకోన్‌సారి మీద నేల తవ్వాడు. సన్నటి తీగపని చేసిన వెండి ఆభరణం ముక్క దొరికింది. మధ్యయుగాల నాటిదని తేల్చారు. తవ్వమని అతనికెవరూ చెప్పలేదు, తవ్వొద్దని ఆపినవాళ్లూ ఉన్నట్టు లేరు. ఎవరో తమ దేవుడికి ఇచ్చుకున్నది ఇంకెవరికో దొరికిన వస్తువైంది.

నా లెక్కలో మలుపు ఇక్కడే ఉంది. దొంగతనమా కాదా అన్నది వేరే చర్చ. అసలు విషయం చూపు మారడం. అప్పటిదాకా ఆయిహ్ అంటే మొక్కులు చెల్లించే చోటు. ఈవాన్స్ తర్వాత చదువుకున్న లోకానికి అది పాతకాలపు అవశేషం, అంటే ఒకప్పుడు జరిగి ఇప్పుడు అయిపోయినదాని గుర్తు. అయిపోయినదాన్ని చూడ్డానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఆ చూపే తర్వాత చట్టంలోకి దిగింది. ఫిన్లాండ్ 1963లో చేసిన ప్రాచీన అవశేషాల చట్టం ఇలాంటి చోట్లను తవ్వకుండా, పూడ్చకుండా, మార్చకుండా, పాడు చేయకుండా కాపాడుతుంది. ఈవాన్స్ ఈ రోజు పలుగు పట్టుకుని వస్తే కేసు పెట్టొచ్చు. ఊరికే ఎక్కి ఫొటో దిగి పోయేవాణ్ని ఆపే మాట మాత్రం అందులో లేదు. పలుగుకు అడ్డముంది, కాలికి లేదు. పైగా అడవులూ ప్రభుత్వ భూములూ చూసే మెత్సాహల్లితుస్ అనే సర్కారీ సంస్థ చేతిలోనే దీవి నిర్వహణ ఉంది. పైకెక్కేవాళ్ల సౌకర్యానికి చెక్క మెట్లు వెలిశాయి. జారి పడకుండా, నేల అరిగిపోకుండా ఉండాలన్న మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ మెట్లు కడితే ఎక్కమని పిలిచినట్టే.

1990లో ఫిన్లాండ్ ఉకోన్‌సారిని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చింది, సామీల ఆరాధనా స్థలం అనే పేరుతోనే. గౌరవం గొప్పదే. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి మరి. సామీల సాంస్కృతిక స్వయంప్రతిపత్తిని గుర్తిస్తూ ఇప్పటి సామీ పార్లమెంటు మొదలైంది 1996లో. అంతకుముందు ఉన్న ప్రతినిధుల సభకు సలహా చెప్పడానికి మించి పెద్దగా బలం లేదు. దీవి ప్రపంచానికి వారసత్వమని సర్కారు అన్న ఆరేళ్లకు గానీ, ఆ వారసత్వం ఎవరిదో వాళ్లకు ఇప్పటి రూపంలో ఒక సభ రాలేదు.

అదే ఇనారి ప్రాంతంలో అంగెలి అనే ఊరి రెయిన్‌డీర్ కాపరులు, తమకు పవిత్రమైన ఒక కొండ మీద రాతి క్వారీకి అనుమతివ్వడాన్ని సవాలు చేస్తూ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 1994లో తీర్పొచ్చింది: జరిగిన కాస్త తవ్వకం వల్ల హక్కు భంగం కాలేదు, తవ్వకం పెద్దదైతే మాట వేరు. ఓడిపోయిన కేసే. అయినా కొండ పవిత్రత గురించి వాళ్లు మాట్లాడింది పురావస్తు శాఖ భాషలో కాదు, ఇప్పుడు బతికున్న మనుషుల హక్కుల భాషలో. ఉకోన్‌సారి తగువు ఆ భాషలోకి మారడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

2018 సెప్టెంబరులో సామీ పార్లమెంటు పర్యాటకానికి నైతిక మార్గదర్శకాలు ఆమోదించింది. సామీ సంస్కృతిని వాడుకుని సొమ్ము చేసుకునే పర్యాటకం, దాని పేరు మీద ప్రచారమయ్యే తప్పుడు సమాచారం ఆగాలన్నది వాటి సారం. అచ్చం సామీ దుస్తుల్లా కుట్టించుకుని, తంతులేవో కల్పించి పర్యాటకుల ముందు ఆడించే వేషాల మీద ఏళ్లుగా పేరుకున్న కోపమే దీనికి మూలం. ఇవి చట్టం కావు, మాట మాత్రమే. ఏడాది తిరిగేసరికి పడవల సంస్థ దిగడం మానేస్తామంది. ఆస్ట్రేలియాలో ఉలూరు శిల మీదికి ఎక్కడం నిషేధించింది కూడా 2019 అక్టోబరులోనే. అక్కడ ఆ భూమి స్థానిక ఆదివాసులైన అనంగు ప్రజల పేరు మీద ఉంది, నిషేధానికి బలముంది. ఇక్కడ సామీ ప్రాంతంలో సుమారు తొంభై శాతం నేల సర్కారుది. ఆదివాసుల భూమి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడికను ఫిన్లాండ్ ఇప్పటికీ ఆమోదించలేదు.

దిగొచ్చనేవాళ్ల మాటా చెప్పాలి. పడవలు తిరిగే కాలం మూణ్నాలుగు నెలలే. ఇనారిలో చాలా ఇళ్లకు పర్యాటకమే అన్నం, వాళ్లలో సామీలూ ఉన్నారు. ఫిన్లాండ్‌లో ఎవరి నేల మీదైనా, నష్టం కలిగించకుండా, నడిచి తిరిగే హక్కు అందరికీ ఉంది. దాన్ని ఒక దీవికి కాదంటే రేపు ఇంకెన్నిటికి కాదంటారన్న బెంగా ఉంది. అబద్ధం కాదు. అయితే ఇనారి నుంచే నాలుగైదు కిలోమీటర్లు అడవిలో నడిచి వెళ్లే పియెల్పయార్వి చర్చి చూడండి. 1760లో కట్టడం పూర్తయిన చెక్క చర్చి. యాత్రికులు తలుపు తీసుకుని లోపలికి వెళ్తారు, గొంతు తగ్గించి మాట్లాడతారు. ఈస్టర్‌కూ నడివేసవి పండుగకూ అక్కడ ఇప్పటికీ ప్రార్థన జరుగుతుంది కాబట్టి దాన్ని అయిపోయిన వ్యవహారం అనే సాహసం ఎవరూ చేయరు. ఆయిహ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఇప్పుడక్కడ ఎవరు మొక్కుతున్నారు, చూపించండి అంటారు. మొక్కుకునేవాడు సాక్షి సంతకంతో మొక్కడు.

2021లో హెల్సింకీలోని జాతీయ మ్యూజియం తన దగ్గరున్న సామీ వస్తువులు రెండు వేలకు పైగా ఇనారిలోని సీడా అనే సామీ మ్యూజియానికి తిరిగిచ్చేసింది. ఆ మ్యూజియానికే 2024లో యూరప్‌లో ఆ ఏటి మేటి మ్యూజియం బహుమతి వచ్చింది. దాంతో చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇనారి పేరు ఇంకాస్త తెలిసింది. పెట్టెల్లో పెట్టి పంపగలిగినవి ఇంటికి చేరాయి. దీవిని పెట్టెలో పెట్టలేరు. అది ఉన్నచోటే ఉంది, కాగితం మీద మాత్రం వేరేవాళ్లది.

పర్యాటక పడవ ఇప్పుడు ఆయిహ్ దగ్గరికొచ్చి వెనక్కి తిరుగుతుంది. అదే వేళకు ఎవరైనా సొంత పడవలో వచ్చి ఒడ్డుకు కట్టేసి పైకి నడిస్తే వాళ్లను ఆపే కాగితమేదీ లేదు. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక పడవ కూడా అక్కర్లేదు.