ఒక్క మాటలో అడిగితే 19 శాతం, విడమరిచి అడిగితే 35

ఇంట్లో తినే దెబ్బల గురించి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవాళ్లను మొదటిసారి అడిగింది 1998-99లో, రెండో విడతలో. అప్పుడు టోకుగా అడిగారు: పదిహేనేళ్లు వచ్చాక మిమ్మల్ని ఎవరైనా కొట్టారా, శారీరకంగా బాధపెట్టారా? పెళ్లయినవాళ్లలో 19 శాతం మంది భర్త కొట్టాడన్నారు.

2005-06లో మూడో సర్వే వచ్చింది. ఈసారి అదే సంగతిని విడమరిచి అడిగారు. చెంపదెబ్బ కొట్టాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా? నెట్టాడా, మీ మీదకి ఏదైనా విసిరాడా? పిడికిలితో గుద్దాడా? తన్నాడా, ఈడ్చాడా? గొంతు నులిమాడా? 35 శాతం మందికి వీటిలో ఏదో ఒకటి జరిగింది.

ఆ ఏడేళ్లలో మగవాళ్లు రెట్టింపు క్రూరంగా తయారయ్యారని నేననుకోను. మనవైపు "మీ ఆయన కొడతాడా?" అంటే ముందు నోట వచ్చేది "అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అనే మాటే. చెంపదెబ్బను చాలామంది కొట్టడం కింద లెక్కెయ్యరు, కోపంలో ఒకటి వేశాడంటారు. మూడో సర్వేలో అన్నిటికన్నా ఎక్కువమంది చెప్పింది ఆ చెంపదెబ్బే.

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కాస్ 1980ల్లో కాలేజీ విద్యార్థినుల్లోనూ ఇదే చూశారు. చట్టం ప్రకారం అత్యాచారమే జరిగినా, చాలామంది దాన్ని ఆ పేరుతో పిలవలేదు. అందుకే ఆమె పేరు పెట్టి అడక్కుండా, ఏం జరిగిందో అడిగారు. దెబ్బలను రకాలుగా విడదీసి అడిగే పద్ధతిని అంతకుముందే, 1979లో, అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్ ప్రచురించారు. దాని మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఎవరు ఎన్నిసార్లు చెయ్యెత్తారో లెక్కిస్తే, ఆ ఇంట్లో ఎవరికి ఎవరంటే భయమో తెలియదన్నారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా విడమరిచి అడగబట్టే ఈ మాత్రమైనా బయటికొచ్చింది.

ప్రశ్న ఎంత ముఖ్యమో, అడిగే చోటూ అంతే. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పరిశోధనలకు నియమాలు ప్రచురించింది. ఇంటికి ఒక్క మహిళనే అడగాలి. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. మధ్యలో అత్తగారో భర్తో గదిలోకొస్తే సర్వేకి వెళ్లిన అమ్మాయి అప్పటికప్పుడు మాట మార్చి, పిల్లల ఆరోగ్యం లాంటి వేరే విషయం ఎత్తుకోవాలి. ఎందుకంటే ఒక్క ప్రశ్న చెవిన పడ్డా ఆ రాత్రి మళ్లీ దెబ్బలు తినేది ఆ ఇల్లాలే.

భర్త బలవంతంగా సెక్స్ చేశాడా అని కూడా మూడో సర్వే నుంచి అడుగుతున్నారు. చట్టం మాత్రం అంతదూరం రాలేదు. 2005 గృహ హింస చట్టం లైంగిక హింసను హింసగా ఒప్పుకుంది కానీ, భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోని మినహాయింపు వల్ల పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో అది ఇప్పటికీ అత్యాచారం కాదు. సర్వే లెక్కపెట్టే హింసలో కొంత చట్టం దృష్టిలో ఆ నేరమే కాదన్నమాట.

2019-21 నాటి ఐదో సర్వేలో, భర్త చేతిలో హింస అనుభవించామన్నవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఈ రెండు అంకెల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చదివి, వీటికి భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతానికి పైగా ఆడవాళ్లు కనీసం ఒక కారణానికైనా అవునన్నారు. సబబే అనుకున్న దెబ్బను దెబ్బగా ఎంతమంది చెప్పుంటారు?

అదే సర్వేలో దేశం మొత్తమ్మీద, హింసకు గురైనవాళ్లలో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పుట్టింటికి కూడా. వాళ్ల నోటి నుంచి ఆ మాట మొదట విన్నది, కాసేపు పక్కన కూర్చుని, వరుసగా ప్రశ్నలు చదివి, పక్కింటికి వెళ్లిపోయిన సర్వే అమ్మాయే.