బడిలో కౌన్సెలర్ ఎవరు? విశాఖ కేసు చెప్పిన జవాబు

బడుల్లో కౌన్సెలర్లను, అంటే పిల్లల మానసిక ఇబ్బందులు విని సాయం చేసేవాళ్లను, పెట్టాలా వద్దా అన్న విషయం విశాఖలో మళ్లీ రాజుకుంది. టీచర్లకు శిక్షణ ఇప్పిస్తే చాలదా అని యాజమాన్యాలు అడుగుతున్నాయి. తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు.  ఈ గొడవ మూలం 2023 జూలైలో ఉంది.

నీట్ కోచింగ్ కోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ల అమ్మాయి ఆ నెలలో చనిపోయింది. దర్యాప్తు సీబీఐకి ఇవ్వాలని తండ్రి కోరితే 2024 ఫిబ్రవరిలో హైకోర్టు కాదంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చి, చట్టం వచ్చేదాకా ఇవే పాటించాలంది. ఒక తండ్రి పట్టుదల వల్ల వచ్చిన తీర్పు ఇది.

100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. యాజమాన్యాలు వీటిలో శిక్షణ మాట ఒక్కటే పట్టుకున్నాయి. ఖర్చు భరించలేమన్నది వాళ్ల ఇబ్బంది. తీర్పు మాత్రం రెండూ ఉండాలంటోంది.

తల్లిదండ్రుల మాట ఎందుకు సబబో తెలియాలంటే ఇంకా వెనక్కి, 2020 మే 7 తెల్లవారుజాముకు వెళ్లాలి. విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. మనుషులు రోడ్ల మీదే కుప్పకూలారు.  అలాంటి రాత్రి చూసిన పిల్లాడు క్లాసులో ఎలా ఉంటాడు? చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతాడు. ఘాటు వాసన వస్తే వణికిపోతాడు. పలకరిస్తే విసుక్కుంటాడు, హోంవర్క్ చేయడు. టీచరుకు అది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి అతని మెదడు ఇంకా ప్రమాదంలోనే ఉన్నాననుకుంటోంది. ఆ స్థితిలో లెక్కలు బుర్రకెక్కవు. అరిస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది.

టీచరు చేయగలిగింది చాలానే ఉంది. టైంటేబుల్ మారితేనో, ఫైర్ డ్రిల్ ఉంటేనో ముందే చెప్పొచ్చు. తలుపు దగ్గర కూర్చుంటానంటే కూర్చోనివ్వొచ్చు. ఏం జరిగిందో చెప్పమని నిలదీయకుండా, చెప్పినప్పుడు వినొచ్చు. కానీ వారాల తరబడి పీడకలలు వస్తున్నా, బతకాలని లేదని పిల్లలు అంటున్నా అది కౌన్సెలర్ చూడాల్సిన పని. ఆ తెల్లవారుజామున పరుగెత్తిన కుటుంబాల్లో టీచర్లూ ఉండి ఉంటారు. నిండు క్లాసుతో పాటు ఆ బరువు కూడా వాళ్ల నెత్తినే పెట్టడం న్యాయం కాదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416ను క్లాసుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో పెట్టాలని కూడా తీర్పులో ఉంది. ఆ నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు అది ఏ గోడ మీద ఉందో చూడండి, కౌన్సెలర్ గది ఎక్కడో అడగండి.